ఆరో వార్డు అరబ్బీతో సింగపూర్‌కు

సింగపూర్ వెళ్ళొచ్చానని తెలియగానే మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళందరూ అడిగిన మొదటి ప్రశ్న, రోడ్డు మీద ఉమ్మితే నిజంగానే జరిమానా వేస్తారా అని. నాకు తెలియదు. అక్కడున్న అయిదు రోజులూ నా గొంతు ఎండిపోయే ఉంది, ఉమ్మడానికి ఏమీ లేదు. బంగారం చవకా, జంతువుల పార్కు బాగుంటుందా అని కూడా నన్ను అడగకండి. నేను చూసిందంతా భయపడుతూ చూసిందే. అదే రాస్తున్నాను.

అంత భయం ఎందుకో ముందు చెప్పాలి. నా పేరు విమల, నర్సును. మాది రాయచోటి దగ్గర పల్లె. మా వైపు నుంచి కువైటుకు పోయేవాళ్ళు ఎక్కువ. నేనూ ఇరవై రెండేళ్ళకు పోయి అక్కడి ఆస్పత్రిలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. తొమ్మిదేళ్ళూ ఆరో వార్డే. అది ముసలమ్మల వార్డు. డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళు. నూనె బావుల డబ్బు రాకముందు, మగవాళ్ళు ముత్యాల కోసం సముద్రంలో మునిగిన కాలం గుర్తున్నవాళ్ళు. వాళ్ళకు మందులివ్వడం, తలదువ్వడం, కబుర్లు వినడం నా పని. అరబ్బీ నాకు బడిలో రాలేదు, ఆ మంచాల పక్కన వచ్చింది. తొంభైలో కువైటు మీదికి యుద్ధం వచ్చినప్పుడు ఒక్క సంచీతో బయటపడ్డాను. కొనుక్కున్న నగలు, ఫోటోలు, నా పెట్టె అన్నీ అక్కడే పోయాయి. ఆ తొమ్మిదేళ్ళకు గుర్తుగా నా దగ్గర మిగిలింది ఆ భాష ఒక్కటే.

పదేళ్ళ తర్వాత దానికి గిరాకీ వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ గాలి వీస్తున్న రోజులు. అమీర్‌పేటలో గోడలు కనిపించకుండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. నేను పనిచేసే నర్సింగ్ హోమ్ పై అంతస్తులోకి కూడా ఒక చిన్న కంపెనీ వచ్చింది. వాళ్ళు ఒక మిషన్ తయారుచేస్తున్నారు. గల్ఫ్ ఆస్పత్రికి రోగి ఫోన్ చేసి తన మాటల్లో బాధ చెబితే, మిషన్ అర్థం చేసుకుని డాక్టరు దగ్గర టైము ఇవ్వాలి. కువైటు మాట తెలిసిన మనిషి కోసం వెతికి వెతికి కింద అంతస్తులో నన్ను పట్టుకున్నారు. రోగులు ఎలా అడుగుతారో నేను వాక్యాలు రాయాలి. బార్కస్ నుంచి ముప్పై మందిని పిలిచి వాటిని చదివించాలి. బార్కస్ హైదరాబాదులోని అరబ్బుల పేట, నిజాం కాలంలో సిపాయిలుగా వచ్చినవాళ్ళ మనుమలు అక్కడుంటారు. వాళ్ళు తమ ధోరణిలో చదివితే నేను ఊరుకునేదాన్ని కాదు. "అట్ల కాదు, కువైటులో ఇట్ల అంటారు" అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి దిద్దాను. ఆ ముప్పై గొంతులు విని మిషన్ నేర్చుకుంది. అది తిరిగి బదులు చెప్పే గొంతు మాత్రం నాదే.

ఒక్క విషయంలో మా ప్రాజెక్టు మేనేజరు కిరణ్‌కూ నాకూ పడలేదు. కిరణ్ గుంటూరు కుర్రాడు, ఇరవై ఆరేళ్ళు, పని రాక్షసుడు. నా వార్డులో ముసలమ్మలు ఎంత నొప్పిగా ఉన్నా ముందు ఆ మాట ఎత్తేవారు కాదు. ఎలా ఉన్నావు, మీ అమ్మ ఎలా ఉంది, మీ ఊళ్ళో అందరూ క్షేమమా అని అడిగి, మన జవాబు విని, మళ్ళీ మనం వాళ్ళను అడిగాక, అప్పుడు మోకాలు చూపించేవారు. అందుకని మిషన్ కూడా కుశల ప్రశ్నలకు బదులు చెప్పాలని పట్టుబట్టాను. "మిషన్ ఆరోగ్యం ఎవరడుగుతారక్కా? సెకన్లన్నీ వేస్ట్" అని కిరణ్ నవ్వాడు. వారం రోజులు పోట్లాడి నా మాట నెగ్గించుకున్నాను.

ఇంతలో ఒక కువైటు ఆస్పత్రి తరఫున కొనే మనిషి సింగపూర్ వస్తున్నాడని, అక్కడున్న మా చిన్న ఆఫీసులోనే డెమో చూస్తాడని కబురొచ్చింది. "ఇది పోయిందంటే ఇక్కడి మీ గది మూసేద్దాం, మీ ఎనిమిది మందీ వేరే చూసుకోవచ్చు" అని మా ఎం.డి. గారు నవ్వుతూ అన్నారు. నవ్వుతూ చెప్పేవాళ్ళంటే నాకు మరీ భయం.

యూ టీ, పదకొండో అంతస్తు

శుక్రవారం దిగాం. కిరణ్ మా కంపెనీవాళ్ళే ఇంకో ఇద్దరితో కలిసి హోటల్ గదిలో సర్దుకున్నాడు. నాకు యూ టీ అనే పేటలో ఒక తెలుగువాళ్ళ ఫ్లాటులో గది చూశారు. బీరువా అంత ఇరుకైన లిఫ్టులో పదకొండో అంతస్తుకు వెళితే, బాతిక్ అద్దకం గౌను వేసుకున్న అరవై అయిదేళ్ళావిడ తలుపు తీసింది.

"రా పిల్లా, నోపలికి రా. బువ్వ తిన్నావేటి?"

నేను "భోజనం అయింది ఆంటీ, విమానంలో పెట్టినారు" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

"బోజనం అంటాదేటి, పెళ్ళికెల్లొచ్చినట్టు! కూకో. ముందు మకాన్, తరవాత మాటలు."

మకాన్ అంటే మలయ్‌లో తిండి. ఆవిడ పేరు సింహాచలం. తాతగారు శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటల పనికి మలేసియా వెళ్ళాడట. ఈవిడ పుట్టిందీ పెరిగిందీ అక్కడే, పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చి బట్టల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు కుట్టింది. ఆంధ్రదేశం ఒక్కసారి కూడా చూడలేదు. పొద్దున్నే పాసర్‌కు, అంటే బజారుకు, వెళ్ళి తెచ్చిన చేపతో పులుసు పెట్టింది. చింతపండూ బెల్లమూ మా వైపు కలపం, అయినా రెండోసారి వడ్డించుకున్నాను.

పద్నాలుగేళ్ళ మనవరాలు శాంతి సోఫాలో కాళ్ళు ముడుచుకుని చదువుకుంటోంది. నానమ్మ తెలుగులో పది మాటలంటే ఆ పిల్ల ఇంగ్లీషులో ఒకటి అంటుంది, చివర ఒక "లా" తగిలిస్తుంది. "నానమ్మా, షీ ఈజ్ టయర్డ్ లా" అంది నా మీద జాలితో. ఆ "లా" మన "లే"కి దూరపు చుట్టంలా వినిపించింది.

"మీ సినిమాలోల్ల తెలుగు నాకు సగం తెల్దమ్మా" అంది సింహాచలం ఆంటీ. "నాది మా తాత ఓడ మీద తెచ్చిన తెలుగు. ఆయనెంత తెచ్చినాడో అంతే ఉంది."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముందే నవ్వాను కూడా. మా అవ్వ కాలంలోనే వాడుక తప్పిన మాటలు, తమిళం, మలయ్ కలిసిపోయి వస్తుంటే నవ్వక ఏం చేస్తాను. మా రాయచోటి తెలుగు విని హైదరాబాదు వాళ్ళు నవ్వినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండేది.

దారి తప్పి పాసిర్ రిస్, ఆ తర్వాత అత్తరు కొట్టు

శనివారం విశ్రాంతి తీసుకోమన్నాడు కిరణ్. విశ్రాంతి నా వంటికి పడదు. ఎవరైనా అరబ్బులతో నాలుగు మాటలు మాట్లాడితే నాలుక వదులవుతుందనిపించింది. అరబ్ స్ట్రీట్ అని ఒక వీధి ఉందని, ట్రైన్ మారి బుగిస్‌లో దిగమని ఆంటీ చెప్పింది.

మారాల్సిన చోట మారి, రెండో ట్రైన్‌లో కళ్ళు మూసుకుని డెమో వాక్యాలు వల్లె వేసుకుంటూ కూర్చున్నాను. కళ్ళు తెరిచేసరికి బోగీ ఖాళీ. తుడిచే చీనా పెద్దాయన చీపురు ఆపి, "ఆంటీ, లాస్ట్ స్టేషన్ లా. పాసిర్ రిస్" అన్నాడు. ఊరికి ఆ చివర, సముద్రం పక్కకు వచ్చేశాను. మన రైల్లో అయితే ఈపాటికి పదిమంది లేపి, ఎక్కడ దిగాలమ్మా అని అడిగి ఉండేవారు. ఇక్కడ ఎవరి పుస్తకం వాళ్ళది. అపశకునం అనుకుంటూ వెనక్కి ఎక్కాను.

బుగిస్ దగ్గర హాకర్ సెంటర్‌లో ఇంకో అప్రతిష్ఠ. వరసగా తిండి కొట్లుండే పెద్ద షెడ్డు అది. ఒక టేబుల్ మీద చేతిరుమాలు కాగితాల ప్యాకెట్ పడి ఉంది. ఎవరో మరిచిపోయారని తీసుకెళ్ళి కొట్టతనికి అప్పగించి, దర్జాగా అక్కడే కూర్చున్నాను. రెండు పళ్ళాలతో ఒక జంట వచ్చి నన్నూ, టేబుల్‌నూ, మళ్ళీ నన్నూ చూశారు. అలా ప్యాకెట్ పెట్టడమంటే చోటు ఆపుకోవడమట, "చోప్" అంటారట. మనం బస్సు కిటికీలోంచి తువ్వాలు వేయమూ? ఆ మర్యాద తెలిసిన దేశం నుంచి వచ్చి కూడా పరువు పోగొట్టుకున్నాను. ప్రాటా మాత్రం మన పరోటాయే, అరవై సెంట్లు. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఏదీ గొంతు దిగదు కాబట్టి ఆ పని మానేశాను.

బంగారు గుమ్మటం మసీదు పక్క సందులో ఒక అత్తరు కొట్టు. లోపల డెబ్బై ఏళ్ళ హసన్ అంకుల్. ఆరో వార్డు పద్ధతిలో సలాం చెప్పి, ఆయన్ను, ఇంటివాళ్ళను, పిల్లలను కుశలం అడిగాను. ఆయన నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. బొట్టు పెట్టుకున్న చీరమనిషి అరబ్బీ మాట్లాడితే అంతే మరి.

ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టి, మెల్లగా అరబ్బీలోకి వచ్చాడు. తడబడుతూ, చాలాకాలం తొడగని చెప్పులు తొడిగినట్టు. ముత్తాత అరబ్బు నేలకు దక్షిణపు కొసనున్న హద్రమౌత్ నుంచి వచ్చాడట. మా బార్కస్ వాళ్ళ పెద్దలదీ అదే ప్రాంతం. ఇప్పుడు ఇంట్లో అందరూ మలయ్ మాట్లాడతారు. మనవరాలు బడిలో పుస్తకాల అరబ్బీ నేర్చుకుంది. "నేను నోరు తెరిస్తే, తప్పు తాతా అంటుంది" అన్నాడు నవ్వుతూ.

తర్వాత ఆయన చెప్పినది నాకు ఇంకా చెవుల్లో ఉంది. "నలభై ఏళ్ళప్పుడు పెద్దల ఊరు చూద్దామని వెళ్ళాను. అంగట్లో ఖర్జూరాలు అడిగితే కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఒక ముసలాయన మాత్రం లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మా నాన్న మాట మళ్ళీ వింటాననుకోలేదు అన్నాడు. నేను మాట్లాడింది అక్కడి భాషే. కాని వాళ్ళు దాన్ని ఎప్పుడో దాటి వెళ్ళిపోయారు, మేము ఓడలో తెచ్చినది అలాగే దాచుకున్నాం."

అచ్చం సింహాచలం ఆంటీ మాట. నేను నవ్వబోతుంటే ఆయన అడిగాడు. "మీరు కువైటు నుంచి వచ్చి ఎన్నాళ్ళయింది?"

"పదేళ్ళు."

"పదేళ్ళకు పెద్దగా మారదులెండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"ఆస్పత్రిలో. ముసలమ్మల దగ్గర."

ఆయన సీసా మూత బిగించడం ఆపాడు. "అయితే పదేళ్ళు కాదమ్మా. వాళ్ళ వయసు కూడా కలుపుకోవాలి."

ఆయన నా మణికట్టు మీద ఒక చుక్క అత్తరు రాశాడు, వాసన ఏమిటో కూడా తెలియలేదు. మీసాలున్న ముప్పై మంది మగవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళు ఎంత చెప్పినా వినకుండా, ఎనభై ఏళ్ళ ముసలమ్మల్లా మాట్లాడించానా? ఆ మాట మిషన్‌కు ఎక్కించానా?

సెరంగూన్ రోడ్డు, మల్లేశ్ పెట్టిన పరీక్ష

ఆదివారం ఆంటీ సెరంగూన్ రోడ్డు గుడికి వెళుతూ నన్నూ తీసుకెళ్ళింది. దేవుడికి దండం పెట్టుకుంటే నాకు వచ్చిన ప్రార్థన ఒకటే, ఆ కొనేవాడు ముసలివాడై ఉండాలి అని.

ఆంటీ పూలు కొంటుంటే పక్కన పచ్చిక మీద కూర్చున్నాను. ఆదివారం సెలవు కావడంతో వందలమంది కూలీలు అక్కడ గుంపులుగా కూర్చుని ఉన్నారు. ఒక గుంపులోంచి తెలుగు వినపడింది. నేను చూడటం చూసి ఒకతను లేచొచ్చాడు.

"అక్కా, మనోళ్ళేనా?"

అతను మల్లేశ్, జగిత్యాల దగ్గర ఊరు. కట్టడాల పనికి వచ్చి ఎనిమిది నెలలు. అంతకుముందు నాలుగేళ్ళు కువైటులో ఇళ్ళకు నీళ్ళ డబ్బాలు దింపేవాడట. కిందటేడే అక్కడి నుంచి వచ్చాడు. కిందటేడే! నేను సంచిలోంచి వాక్యాల కాగితం తీశాను.

"తమ్ముడూ, నేను కొన్ని మాటలు చెప్తా. ఇప్పుడక్కడ అట్ల అంటాండారో లేదో చెప్పు."

మొదటిదే డాక్టరు మాట. మా వార్డులో అందరూ దఖ్తర్ అనేవారు. మల్లేశ్ తొడ చరుచుకుని నవ్వాడు.

"గదేందక్కా, ముసలమ్మ లెక్క మాట్లాడుతున్నవ్! ఇప్పుడు పోరగాళ్ళు గట్ల అంటలేరు. టీవీల, బడిల నేర్చిన మాట సగం, ఇంగ్లీషు సగం. డాక్టరును దక్తూర్ అంటరు, టైముకు అపాయింట్‌మెంట్ అనే అంటరు."

కోడిని మేము దియాయ్ అనేవాళ్ళం. చదువుకున్న పడుచువాళ్ళు దజాజ్ అంటున్నారట. ఫ్యానును మా ముసలమ్మలు మన పంఖా పేరుతోనే పిలిచేవారు, దానికీ కొత్త పేరొచ్చిందట. ఇలా ముప్పై వాక్యాలు చదివితే ఇరవైకి మల్లేశ్ అడ్డంగా తలూపాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

"ఫికర్ చెయ్యకక్కా. ఇండ్లల్ల పెద్ద మేడమ్‌లుంటరు గదా, ఆళ్ళు నీ లెక్కనే మాట్లాడతరు. నీళ్ళు దింపవోతే, మీ అవ్వ మంచిగున్నదా, మీ ఊర్ల వానలు వడ్డయా అని అడిగినంకనే పైసలిస్తరు. సలాముకే ఐదు నిమిషాలు."

నాకు ఆ ఓదార్పు ఎక్కలేదు. ఆంటీ ఫ్లాటుకు రాగానే కిరణ్‌కు ఫోన్ చేశాను. చెప్పిందంతా విన్నాడు.

"మూడు నెలలక్కా. మూడు నెలల్లో ఒక్కసారి కూడా డౌట్ రాలేదా మీకు?"

"రాలేదు కిరణ్. నాకు తెలిసిన కువైటు అదే."

"ఫ్రీజ్ అయిపోయింది. ఇప్పుడు ఒక్క మాట ముట్టుకున్నా మొత్తం పడిపోద్ది."

ఫ్రీజ్ అంటే, డెమోకు ముందు కొన్ని రోజులు మిషన్‌ను ఎవరూ తాకకూడదు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు అది మడి. తప్పుందని తెలిసినా దిద్దకూడదు, దిద్దబోతే వేరే పది తప్పులొస్తాయని భయం.

"రేపు మీరేం మాట్లాడొద్దు. వచ్చేవాడికి తెలియకపోవచ్చు" అని ఫోన్ పెట్టేశాడు.

కళ్ళ ముందు మా గది, అందులో ఎనిమిది కుర్చీలు. ఒక కుర్చీలో అమ్మాయికి మొన్ననే పెళ్ళి కుదిరింది. ఇంకొకతను కొత్తగా స్కూటర్ కొన్నాడు. అందరి పనీ నా నోటి మీద ఆధారపడి ఉందని వాళ్ళకు తెలియదు. చెబితే కిరణ్‌కు ద్రోహం, చెప్పకపోతే కొనేవాళ్ళకు మోసం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏటమ్మా, బువ్వ ముట్టనేదు?" అంది ఆంటీ. దాచలేక చెప్పేశాను. ఆవిడ కంచం నా ముందుకు తోసింది.

"మొన్న నా మాటిని నవ్వినావు గదా. నవ్వితే నవ్వినావు, నీకు అర్దమయింది. నా మనవరాలికి అదీ నేదు. ఎవులికి అర్దమవాలో ఆలకయితే సాలమ్మా."

శాంతి పుస్తకంలోంచి తల ఎత్తింది. "నానమ్మా, ఐ అండర్‌స్టాండ్ లా" అంది చిన్నబుచ్చుకుని. నేను తల దించుకుని తిన్నాను. మొన్నటి నవ్వుకు సిగ్గేసింది.

సోమవారం మూడు గంటలు

ఆఫీసు గది ఏసీకి పళ్ళు కటకటలాడాయి. తలుపు తెరుచుకుంది. వచ్చినవాడు ముసలివాడు కాదు. ముప్పై ఏళ్ళుంటాయి, జీన్సు, తలకు జెల్లు, చేతిలో ల్యాప్‌టాప్. పేరు ఖాలిద్. "హాయ్" అన్నాడు. నా ప్రార్థన దేవుడికి చేరలేదు.

కిరణ్ మైకు అందించాడు. ఖాలిద్ సలాం లేకుండా, కుశలం లేకుండా, సగం ఇంగ్లీషులో అపాయింట్‌మెంట్ కావాలన్నాడు. మిషన్ నా గొంతుతో, "క్షమించాలి, మళ్ళీ చెప్పండి" అంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అదే. మూడోసారి అతను ఒక్కొక్క మాటా విడదీసి పలికాడు, నా గొంతు అంతే మర్యాదగా క్షమించమంది. నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

"ఇది ఏ ఊరి అరబ్బీ?" అన్నాడు ఇంగ్లీషులో.

కిరణ్ నా వైపు చూసి వద్దన్నట్టు తల తిప్పాడు. నేను లేచి నిలబడ్డాను. నాకొచ్చిన అరబ్బీలోనే చెప్పాను, తప్పు మిషన్‌ది కాదు, ఈ అబ్బాయిది కాదు, నాది, నాకు తెలిసిన మాట ముసలమ్మల వార్డులో నేర్చుకున్నది, ఇప్పటి మాట కాదని నాకే నిన్న తెలిసింది అని.

ఖాలిద్ ముందు తెల్లబోయాడు, తర్వాత గట్టిగా నవ్వాడు. "మా నానమ్మ పోయాక బయటివాళ్ళ నోట ఇలాంటి మాట ఇదే వినడం!" నవ్వుతూనే ల్యాప్‌టాప్ మూసేశాడు. కిరణ్ కుర్చీలో కూలబడ్డాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

సంచి సర్దుకుంటూ ఖాలిద్ ఊరికే, మాటవరసకు అన్నాడు. "మా అమ్మ కూడా ఇంచుమించు ఇంతే. అందుకే ఆస్పత్రికి ఫోన్ చేయదు. తన సలాములు పూర్తికాకముందే ఏం కావాలి అంటారట, పెంపకం లేని మనుషులట. ఆమె అపాయింట్‌మెంట్లన్నీ నేనే తీసుకోవాలి. నిన్న ఇక్కడికి కూడా ఫోన్ చేసి మోకాళ్ళంది..."

ఆగిపోయాడు. మిషన్ వైపు చూశాడు. టేబుల్ మీది ఫోన్ దగ్గరకు లాక్కుని, స్పీకర్ పెట్టి నంబరు నొక్కాడు. కువైటులో అప్పుడు ఉదయం పది.

"అమ్మా, ఆస్పత్రి అమ్మాయి లైన్‌లో ఉంది. నీ బాధ చెప్పు" అని మైకు ఆ స్పీకర్ ముందు పెట్టాడు.

బాధ చెప్పలేదు ఆవిడ. "ష్లోనిచ్ యుమ్మా?" అంది. ఎలా ఉన్నావమ్మా అని. మనం కూతురిని అమ్మా అన్నట్టే వాళ్ళూ పిల్లలను యుమ్మా అంటారు. పదేళ్ళయింది ఆ పిలుపు విని.

మిషన్ నా గొంతుతో, బాగున్నాం, దేవుడి దయ, మీరెలా ఉన్నారు, ఇంట్లో అందరూ క్షేమమా అంది. ఆవిడ హాయిగా కొడుకు సంగతి, ఎండల సంగతి చెప్పింది. కిరణ్ గోళ్ళు కొరుకుతున్నాడు. చివరకు మోకాళ్ళు వచ్చాయి. దఖ్తర్ కావాలంది. రేపు సాయంత్రపు అసర్ నమాజు తర్వాత రాగలనంది. తెర మీద ఒక్కొక్కటే వెలిగాయి, మోకాలు, డాక్టరు, రేపు, సాయంత్రం. రేపు నాలుగున్నరకు రండి అని మిషన్ టైము ఇచ్చింది. కిరణ్ నా చెయ్యి పట్టుకుని నలిపేశాడు.

అక్కడితో అయిపోవలసింది. ఆవిడ ఫోన్ పెట్టలేదు.

"అమ్మాయీ, నీది యుద్ధం ముందు మాట. అప్పట్లో వార్డుల్లో ఇండియా పిల్లలు ఇట్లాగే మాట్లాడేవాళ్ళు. అందరూ వెళ్ళిపోయారు, ఎవరూ మళ్ళీ రాలేదు. నువ్వెప్పుడు తిరిగొచ్చావు?"

ఆ ప్రశ్న నేను రాసిన వాక్యాల్లో లేదు. "క్షమించాలి, మళ్ళీ చెప్పండి" అంది నా గొంతు.

"ఎప్పుడు తిరిగొచ్చావు యుమ్మా?"

"క్షమించాలి, మళ్ళీ చెప్పండి."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిచాను. వచ్చానని చెప్పలేను, రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఖాలిద్ చప్పున ఫోన్ అందుకుని, తర్వాత మాట్లాడతానమ్మా అని పెట్టేశాడు. అప్పటికి అతనూ నవ్వడం లేదు.

తిరుగు ప్రయాణం

మంగళవారం బయలుదేరుతుంటే సింహాచలం ఆంటీ ఎండుచేపల పొట్లం ఇచ్చింది. విమానంలో పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. శాంతి లిఫ్టు దాకా వచ్చి, ఎవరూ అడగకుండానే, "మల్లీ రండి" అంది తెలుగులో. వాళ్ళ నానమ్మ యాసే.

ఖాలిద్ వాళ్ళు మిషన్‌ను ముందు పెద్దవయసు రోగుల ఫోన్ లైనుకు తీసుకున్నారు. పడుచువాళ్ళ మాట మళ్ళీ మొదటి నుంచి రికార్డు చేయాలి, దానికి కువైటు నుంచి ఒక చదువుకున్న అమ్మాయి వస్తోంది. ఇక మీదట ఆమె నన్ను దిద్దుతుంది. బార్కస్ వాళ్ళకు ఈ సంగతి తెలిస్తే పండగ చేసుకుంటారు. మా గది మూయలేదు, ఎనిమిది కుర్చీలూ ఉన్నాయి. అయినా నాకు కుదురు చిక్కలేదు. ఆవిడ ప్రశ్న చెవిలో అలాగే ఉంది. అక్కడ ఇంకా ఎందరు పెద్దావిడలు అదే అడుగుతారో, ఎన్నిసార్లు నా గొంతు క్షమించమంటూ తప్పించుకుంటుందో అని భయం.

వచ్చిన మూడో రోజు కిరణ్ దగ్గరకు వెళ్ళాను. "ఇప్పుడు ఫ్రీజ్ లేదు కదా, ఒక వాక్యం కలపాల" అన్నాను. ఏమిటో చెబితే సెకన్ల గొడవ ఎత్తలేదు. లేచి రికార్డింగ్ గది తలుపు తీసిపెట్టాడు.

నాలుగుసార్లు మొదటి మాట దగ్గరే ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. అయిదోసారి రికార్డయింది. ఆరో వార్డు మాటలోనే చెప్పాను.

"తిరిగి రాలేదమ్మా. ఇక్కడి నుంచే వింటున్నాను, చెప్పండి."